నువ్వు ఏ జిల్లాలో పుట్టావమ్మా?

గ్రీన్ కార్డుకి అప్లై చేసిన నాలుగు నెలలకు, 2023 వేసవిలో, అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆర్.ఎఫ్.ఇ. అంటే మీరు పెట్టిన కాగితాలు చాలవు, ఇంకా ఆధారాలు పంపండి అని. నా పాస్‌పోర్టులో పుట్టిన చోటు రాజాం, శ్రీకాకుళం అని ఉంది. బర్త్ సర్టిఫికెట్‌లో రాజాం, విజయనగరం జిల్లా అని ఉంది. ఈ తేడా ఏమిటో 87 రోజుల్లో చెప్పాలి.

ఇలాంటి ఉత్తరాలు మా ఇంట్లో పిల్లలు పడుకున్నాకే బయటికి తీస్తాం. వీసా ఎక్స్‌టెన్షన్లు, స్టాంపింగులు అన్నీ రాత్రిపూట డైనింగ్ టేబుల్ దగ్గర గుసగుసలుగానే నడిచాయి. మా టెన్షన్ వాళ్ళకెందుకని. ఈసారి మా పెద్దాడు మంచినీళ్ళకి లేచి వచ్చి చూసేశాడు. వాడికి పన్నెండేళ్ళు, పుట్టింది డాలస్‌లో. వాడి బర్త్ సర్టిఫికెట్‌లో ఆస్పత్రి పేరుతో పాటు పుట్టిన గంట, నిమిషం కూడా ఉంటాయి.

"నువ్వెక్కడ పుట్టావో నీకు తెలీదా అమ్మా?" అన్నాడు.

తెలియకేం? 1982లో, రాజాంలో, మా అమ్మమ్మ గారింట్లో వెనక గదిలో పుట్టాను. మంత్రసాని ఎవరో మా అమ్మకి ఇప్పటికీ గుర్తే. కాగితమే లేదు. పుట్టి ఏడాది దాటిపోతే నమోదు అంత తేలిక కాదు. రికార్డుల్లో పేరు లేదని ముందు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, ఆ తర్వాత ఆర్డీవో ఉత్తర్వు. గ్రీన్ కార్డుకి అప్లై చెయ్యకముందు చలికాలమంతా డెబ్బై అయిదేళ్ళ మా నాన్న అదే పని మీద బస్సులెక్కాడు. ఒక రోజు శ్రీకాకుళం, ఒక రోజు విజయనగరం. పాత రికార్డు ఒక చోట, సంతకం పెట్టేవాళ్ళు ఇంకో చోట. "సర్వర్ పని సేట్లేదట, లంచ్ అయ్యేక రమ్మన్నారు" అని ఫోన్‌లో చెప్పేవాడు, ఏదో పెళ్ళి విందుకు ఆలస్యమైనంత తేలిగ్గా. అంత తిరిగి తెచ్చిన కాగితం మీదే ఇక్కడివాళ్ళకి అనుమానం వచ్చింది.

మర్నాడు రాత్రి పదింటికి, రాజాంలో పొద్దున్న ఎనిమిదిన్నరకి, వీడియో కాల్ చేశాం. మా వాడు నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాడు.

"తాతా, మా అమ్మ ఏ జిల్లాలో పుట్టింది?"

"సిక్కోలు జిల్లారా. నాను పుట్టినప్పుడు ఇశాపట్నం జిల్లా. ఇప్పుడు ఇజీనారం."

వాడు పెన్ను ఆపేశాడు. "అన్నిసార్లు ఇల్లు మారారా?"

మా నాన్న పుట్టింది మా అమ్మమ్మ గారింటికి రెండు వీధుల అవతల. ఆయన పుట్టిన 1948లో రాజాం మద్రాసు ప్రావిన్సులో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడి బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం అటు వెళ్ళినా రాజాం మాత్రం శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అప్పుడు మా ఊరినీ విజయనగరంలో కలిపారు.

"మరి పాపారాయుడిది ఏ జిల్లా?" అన్నాడు మా వాడు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగినప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాం కోటలో ఉన్న సంగతి వాళ్ళ తాత చెప్పిందే.

"ఆయనకి కోటుండీది. జిల్లాతో పనేటి?"

సంజాయిషీ ఉత్తరం మా ఆయన మొదలెట్టారు, లాయరు భాషలో, పేరాకి ఆరు లైన్లు. మా వాడు పక్కన కూర్చుని తనదీ ఒకటి రాశాడు. మొదటి వాక్యం: "మా అమ్మ ఎక్కడికీ కదల్లేదు, జిల్లాయే మారింది." దాని కింద సంవత్సరాలతో ఒక పట్టిక. మేం పట్టిక ఉంచుకుని వాక్యం కొట్టేశాం. రాత్రి పడుకోబోయే ముందు ఆ వాక్యాన్ని మళ్ళీ నేనే కలిపాను. నాన్న రాసిచ్చిన తెలుగు అఫిడవిట్‌ని ఇంగ్లీషులోకి మార్చినవాళ్ళే, అనువాదం సరైనదేనని కింద సంతకం పెట్టాలి. నేను పెడతానన్నాడు మా వాడు. ఆదివారం తెలుగు క్లాసులో ఇంకా వత్తులే పూర్తి కాలేదు, పైగా పన్నెండేళ్ళు. చివరికి పక్కింటావిడే అనువాదం చేసి సంతకం పెట్టింది. వాడు రెండు రోజులు అలిగాడు.

మన ఆఫీసులు దండగ, ఇక్కడివి గొప్ప అంటారు గానీ, నాకు ఆ నమ్మకం ఎప్పుడో పోయింది. అక్కడ కనీసం బల్ల ముందు నిలబడి అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. విసుక్కుంటాడు, తిప్పుతాడు, కానీ రాజాం ఏ జిల్లాలో ఉండేదో అతనికి తెలుసు. ఇక్కడ ఫోన్ చేస్తే మెషీన్ మాట్లాడుతుంది. దానికి శ్రీకాకుళం స్పెల్లింగ్ చెప్పడానికే మన ఓపిక అయిపోతుంది.

మా వాడికి మాత్రం కోపం వచ్చింది. వాడు ఇంతవరకు ఎవరికీ ఏదీ రుజువు చేసుకోనక్కర్లేకపోయింది. "వాళ్ళు మ్యాప్ చూస్తే సరిపోయేది కదా!" అన్నాడు. నిజమే. పదేళ్ళు మా భయాన్ని వాడికి కనబడకుండా దాచి మంచి పని చేశామనుకున్నాం. వాడికి భయం వేయలేదు, ఒళ్ళు మండింది. అదేదో నాకు ముందే అలవాటై ఉంటే బాగుండేది.

కొరియర్లో వేసిన పది వారాలకు అప్రూవల్ వచ్చింది. వెంటనే నాన్నకి ఫోన్ చేశాం.

"పోన్లే అమ్మా," అన్నాడు, "ఆ జిరాక్సులు మాత్రం పారీకండి. మళ్ళీ ఏ జిల్లాలో కలిపీస్తారో ఏటో."