పంపింగ్ 25 శాతం

గుండె స్కాన్ ఎకో రిపోర్టులో పంపింగ్, అంటే గుండె నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి తోసే వాటా, 25 శాతం అని చూడగానే మావాళ్లంతా తేల్చేసిన కారణం ఒక్కటే, టెన్షన్. ఆ ఏడు రొయ్యల రేటు పడిపోయింది కాబట్టి ఆ మాట అందరికీ నచ్చింది కూడా. మాది కావలి దగ్గర పల్లె. చెరువు గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రిపూట ఊపిరాడక లేచి కూర్చోవడం, సాయంత్రానికి పాదం మీద వేలితో నొక్కితే ఆ గుంట అలాగే ఉండిపోవడం. "ఏందిరా అబ్బయా, ఇట్లా రొప్పతా ఉండావు" అని అమ్మ గోల పెడితే నెల్లూరు తీసుకెళ్లారు.

యాంజియోగ్రామ్‌లో పూడికలేవీ లేవు, మందు అలవాటు లేదు. మా మేనమామ చిన్న వయసులోనే "గుండె పెద్దదై" పోయాడని చెప్పాక డాక్టరుగారు జన్యు పరీక్ష రాశారు. అందులో తేలింది టైటిన్ అనే ప్రోటీన్ జన్యువులో తేడా.

మన ఒంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రోటీన్ ఇదేనట, 34,000 పైచిలుకు అమైనో ఆమ్లాల గొలుసు. అయినా పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతే. గుండె రోజుకు లక్షసార్లు నిండుతుంది, నిండినప్పుడల్లా కండరం సాగాలి, మళ్లీ ముడుచుకోవాలి. కొద్దిగా లాగితే ఈ గొలుసులో వంకర్లు సాపవుతాయి, ఇంకొంచెం లాగితే మధ్యలోని మెత్తటి భాగం సాగుతుంది, మరీ గట్టిగా లాగితే మడతలు పడి ఉన్న భాగాలు ఒక్కొక్కటీ విప్పుకుని ఆ బలాన్ని మింగేసి, లాగుడు తగ్గగానే వాటంతట అవే మళ్లీ మడత పడతాయి. నాకు టైటిన్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడింది, దాని నుంచి ప్రోటీన్ పూర్తిగా తయారవదు. గుండె గోడ పాత నిక్కరు ఎలాస్టిక్‌లా సాగి ఊరుకుంది. కారణం దొరకకుండా ఇలా గుండె సాగిపోయిన వాళ్లలో 100కి 15 నుంచి 25 మందికి తేడా ఈ టైటిన్‌లోనే ఉంటుందట.

ఒంట్లో నీరు తీసే బిళ్లలతో కాళ్ల వాపు తొందరగానే దిగింది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు మాత్రం డోసు పెంచినప్పుడల్లా ఒళ్లంతా నీరసం. ఇక ఉప్పు సంగతి అడక్కండి, ఈ జిల్లాలో పుట్టి ఉప్పుచేప మానేయమంటే అదో శిక్ష! ఏడాది తిరిగేసరికి పంపింగ్ 50కి వచ్చింది.

మందులు ఆపేద్దామా అంటే డాక్టరుగారు 2018లో వెలువడిన లండన్ పరిశోధన ఒకటి చెప్పారు. ఇలాగే కోలుకున్న వాళ్లకు మందులు మాన్పిస్తే 6 నెలల్లోనే 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఇంకేం అడుగుతాం, వేసుకుంటూనే ఉన్నా.

ఇంట్లో వాళ్లందరికీ పరీక్ష చేయించాం. తమ్ముడికి లేదు. అమ్మకు ఉంది, అదే తేడా, అక్షరం మారకుండా. ఆమె పంపింగ్ 60, ఇప్పటికీ గేదెలకు గడ్డిమోపు తనే మోస్తుంది. ఎందుకలా అంటే డాక్టరుగారు కూడా నవ్వి ఊరుకున్నారు.