పప్పు ఉడకని నీళ్లు

నా పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు, మెట్టినిల్లు సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు దగ్గర. పెళ్లయిన కొత్తలో ఇక్కడి బోరు నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెడితే గంట గడిచినా పలుకు పలుకుగానే ఉండేది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని గార పొరలు కట్టేది. మా పుట్టింటి ఊళ్లో పప్పు ఇట్టే మెత్తబడేది. అయితే ఆ నీళ్లే మా నాయనమ్మ నడుము వంచాయి. పప్పు ఉడకని నీళ్లు తాగిన మా అత్తమ్మ మాత్రం ముసలితనంలోనూ నిటారుగా నడిచింది. ఈ తేడా ఎందుకో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే నేను రాళ్ల గురించి చదివాను.

మర్రిగూడ గ్రానైటు నేల. మేళ్లచెరువు, మట్టపల్లి, వాడపల్లి ప్రాంతాలు కడప బేసిన్ అనే పురాతన రాతి పొరల పల్లపు ప్రాంతపు ఉత్తర కొసన, ఒకనాటి సముద్రపు అడుగున పేరుకున్న సున్నపురాయి మీద ఉన్నాయి; సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది ఆ రాయి కోసమే. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కిందికి దిగుతూ సున్నపురాయిని కరిగిస్తుంది. అలా చేరిన కాల్షియమే పప్పును ఉడకనివ్వదు, కాచినప్పుడు గారగా దిగుతుంది.

మా నాయనమ్మ నడుము వంచిన ఫ్లోరైడుకు ఆ కాల్షియమే అడ్డుకట్ట కూడా. రెండూ కలిస్తే నీటిలో చాలా కొద్దిగా మాత్రమే కరిగే కాల్షియం ఫ్లోరైడ్ ఏర్పడుతుంది కనుక, కాల్షియం దండిగా ఉన్న నీటిలో ఫ్లోరైడు సాధారణంగా పెద్దగా పెరగదు. గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో సోడియం పెరిగి, కాల్షియం సున్నపు గడ్డలుగా విడిపోతుంది. అప్పుడు రాతిలోని ఫ్లోరైడు అడ్డు లేకుండా కరుగుతుంది. దానికి రుచి లేదు, రంగు లేదు. కాచినా పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోతే 1.5 వరకు అనుమతిస్తారు.

ఇంతమాత్రాన మా సున్నపురాతి నీరు నిర్దోషి అనలేను. కరిగి వెడల్పైన సందుల్లోంచి పైనీరు వడగట్టబడకుండానే లోపలికి జారుతుంది. తొలకరి పడిన మర్నాటికే మా బావి నీరు ఎర్రబడడం నేను ఏటా చూస్తున్నాను. ఆ మట్టితోపాటు పొలంలోని యూరియా, పెంటకుప్పల ఊట కూడా దిగుతాయి. అందువల్ల ఇక్కడి వాళ్లు ఫ్లోరైడు ఒక్కటే చూపించుకుని ఊరుకోకుండా, వాటి నుంచి నీటిలో చేరే నైట్రేటు పరీక్ష కూడా చేయించుకోవాలి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటిని చంటిపిల్లల పాలలో కలపకూడదు.