ఆసు ఉంది కదా అని కొట్టేశాను

రెండు వారాల క్రితం బ్రిడ్జ్‌లో మూడు నో ట్రంప్ (తురుపు రంగు లేకుండా 13 ట్రిక్కుల్లో, అంటే పట్టుల్లో, 9 గెలుస్తానన్న మాట) ఆడి ఒక్క ట్రిక్కు తక్కువై ఓడిపోయాను. అవే ముక్కలతో పక్క టేబుల్ ఆయన 10 చేశాడు. స్కోరు ఆయనకు 430, నాకు మైనస్ 50.

పెద్ద ముక్కల లెక్కలో నా చేతిలో 17 పాయింట్లు. వేలంలో ఒక నో ట్రంప్ అన్నాను, పార్ట్‌నర్ నేరుగా మూడు అన్నారు. ఎదుటి జోడీ తూర్పు, పడమర. పడమర ఇస్పేటు 6 వేశాడు. డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన పార్ట్‌నర్ చేతిలో, 7, 3. నా దగ్గర ఆసు, 9, 2. తూర్పు రాణి వేయగానే ఆసు కొట్టేశాను. ఆలోచించింది లేదు, చెయ్యి దానంతటదే పోయింది.

తర్వాత డైమండ్. డమ్మీలో ఆసు, జాకీ, 10, 9, 4. నా దగ్గర రాణి, 8, 3. రాణి వేసి ఫినెస్ చేశాను, అంటే రాజు పడమర దగ్గరే ఉందనుకుని డమ్మీ ఆసును ఆపాను. తూర్పు రాజుతో పట్టుకుని ఇస్పేటు 10 తిప్పాడు. పడమర దాని మీద జాకీ వేసి, వరసగా నాలుగు ఇస్పేట్లు లాగేశాడు. డైమండ్ రాజుతో కలిపి మొత్తం అయిదు పోయాయి.

ఇంటికెళ్లి ముక్కలు మళ్లీ పరిచాను. ఖాయంగా వచ్చేవి ఇస్పేటు 1, ఆఠీన్ 3, డైమండ్ 1, కళావరు 2. ఏడు. డైమండ్ రాజు ఎవరి దగ్గరున్నా ఆ రంగులో నాలుగు ఎలాగూ వస్తాయి. ట్రిక్కులకు కొరతే లేదు! భయమల్లా ఇస్పేట్లే. ఫినెస్ పోతే ఆట తూర్పు చేతికి వెళ్తుంది. అప్పటికి అతని దగ్గర ఇస్పేటు మిగలకూడదు.

ఆసు వేయకుండా ఎన్నిసార్లు ఆగాలో చెప్పడానికి 7 సూత్రం ఉంది. ఆ రంగులో నాకూ డమ్మీకీ కలిపి ఉన్నవి 5, ఏడులోంచి తీస్తే 2. రెండుసార్లు వదిలి, మూడోసారి ఆసు. ఆ రోజు తూర్పుకు ఉన్నవి మూడే ఇస్పేట్లు, కాబట్టి రాజుతో పట్టినా తిప్పడానికి ముక్క ఉండేది కాదు. ఒకవేళ ఇద్దరికీ నాలుగేసి ఉంటే? మూడు ఇస్పేట్లు, ఒక డైమండ్, నాలుగే పోతాయి. అప్పుడూ తొమ్మిది నావే. ఇది తేలాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఫోన్ చేసి చెబితే పార్ట్‌నర్ నవ్వి, "ఆసు ఎక్కడికి పోతుందండీ?" అన్నారు.

మొన్న మళ్లీ మూడు నో ట్రంప్ తగిలింది. ఆఠీన్ పడింది. చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్కపెడుతుంటే ఎదుటివాళ్లు గడియారం చూశారు. రెండు చేతుల్లో కలిపి 6, అంటే వదలాల్సింది ఒక్కసారి. వదిలాను. సరిగ్గా తొమ్మిది వచ్చాయి.