3270 టెర్మినల్స్‌కి కనెక్షన్ ఎంచుకోడంలో నా అనుభవం

మాది పర్లాకిమిడి, ఒడిశాలోనే గాని ఇంట్లో వీధిలో అంతా తెలుగే, పక్కనే పాతపట్నం. ఇక్కడ ఇంట్లోంచే ఓ మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) ప్రాజెక్టుకి పని చేస్తా. ఒకే మెషీన్‌ని చాలా వర్చువల్ మెషీన్లుగా పంచే జెడ్/వీఎమ్, దాని మీద గెస్ట్‌గా, అంటే అలాంటి ఒక వర్చువల్ మెషీన్లో, జెడ్/వీఎస్‌ఈ అనే ఆపరేటింగ్ సిస్టం, అందులో లావాదేవీలు నడిపే సీఐసీఎస్, దాన్నే నమ్ముకున్న కౌంటర్లు. కౌంటర్ల 3270లని, అంటే ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ స్క్రీన్ టెర్మినల్స్‌ని, మెషీన్‌కి కలిపే పాత కంట్రోలర్ తీసేస్తున్నారు, ఆ ట్రాఫిక్ ఎటునుంచి తేవాలో నువ్వే తేల్చాలి అన్నారు.

నేను ముందు స్పీడ్ గురించే ఆలోచించా, అక్కడే తప్పు చేశా. మామూలు 3270 స్క్రీన్ అంటే 24 లైన్లు, 80 కాలమ్స్, మొత్తం 1920 అక్షరాలు, ఏ దారిన పంపినా ఇట్టే వెళ్ళిపోద్ది.

అన్నిటికన్నా తేలిక డయల్, అంటే టెర్మినల్‌ని గెస్ట్‌కి కలిపే జెడ్/వీఎమ్ కమాండ్. గెస్ట్ వివరాలుండే డైరెక్టరీలో SPECIAL అనే లైన్లు రాసి వర్చువల్ 3270లు పెడితే చాలు, జెడ్/వీఎమ్ లోగో స్క్రీన్ దగ్గర డయల్ కొట్టి గెస్ట్ పేరు ఇస్తే లోపలికి వెళ్ళిపోతాం, గెస్ట్‌కి అది పక్కనే తగిలించిన టెర్మినల్‌లాగే కనిపిస్తది. ఇంట్లో లాప్‌టాప్‌లో హెర్క్యులిస్ (మెయిన్‌ఫ్రేమ్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) మీద జెడ్/వీఎమ్‌కి ముందుతరమైన పాత వీఎమ్/370 పెట్టుకుని ఇదంతా చేసి చూసుకున్నా, కరెంటు పోతే మళ్ళీ మొదట్నుంచి. బాగుందని అదే పెట్టీసాం.

మర్నాడు ఒక కౌంటర్ రసీదు ఇంకో కౌంటర్ ప్రింటర్లో వచ్చింది. జనం లైన్లో ఉన్నారు, నాకైతే చేతులాడలేదు. బరంపురంలో ఉండే మా సీనియర్ అన్నకి ఫోన్ చేస్తే "స్పీడ్ ఏటిరా, ముందు ఆ ప్రోగ్రాంకి టెర్మినల్ పేరు కావాలా అక్కర్లేదా చూడు" అన్నాడు. చూస్తే అదే. ఉత్త డయల్ కొడితే ఏది ఖాళీగా ఉంటే ఆ అడ్రస్ దొరుకుతది, అడ్రస్ మారితే ఎల్‌యూ పేరు, అంటే సిస్టం ఆ టెర్మినల్‌ని గుర్తుపట్టే పేరు, మారుతది, ప్రింటర్ ఆ పేరుకే కట్టి ఉంది. డయల్‌లో అడ్రస్ కూడా ఇవ్వొచ్చు గాని, కౌంటర్లో కూర్చున్న మనిషి రోజూ అది గుర్తుపెట్టుకుని కొట్టాలంటే అన్యాయం కదా.

వర్చువల్ సీటీసీ, అంటే రెండు గెస్ట్‌లని నేరుగా కలిపే కనెక్షన్, కూడా చూశా. ఇటు చదివేది అటు రాసేదానికి, అంటే ఇటు 600 నంబరు డివైస్‌ని అటు 601కి అడ్డంగా కపుల్ చెయ్యాలి (కలపాలి), నేను నేరుగా కట్టి డేటా ఎందుకు కదల్లేదా అని ఓ సాయంత్రమంతా పోగొట్టుకున్నా. పైగా అది ఇద్దరి మధ్య తీగ, గెస్ట్ పెరిగినప్పుడల్లా ఇంకో జత. వద్దనుకున్నా.

చివరికి వీస్విచ్, అంటే జెడ్/వీఎమ్ లోపలే ఉండే వర్చువల్ నెట్‌వర్క్ స్విచ్. గెస్ట్‌కి ఓ వర్చువల్ నెట్‌వర్క్ కార్డు, దానికి వరుసగా మూడు డివైస్ నంబర్లు, ఒకటి చదవడానికి ఒకటి రాయడానికి ఒకటి డేటాకి. మొదట కపుల్ ఒప్పుకోలేదు, ఆ స్విచ్ వాడుకునే అనుమతి (గ్రాంట్) ఇవ్వడం మర్చిపోయా. ఇచ్చాక గెస్ట్‌లో, నెట్‌వర్క్ మీదుగా వచ్చే 3270లని తీసుకునే టెల్నెట్ సర్వర్లో ఒక్కో కౌంటర్ ఐపీకి ఒక్కో ఎల్‌యూ పేరు కట్టీసా, పాత పేర్లే, ఒక్క అక్షరం మార్చలేదు. ఇది చెయ్యడానికే రెండు రాత్రులు పట్టింది, ఎందుకంటే కాగితం మీద ఉన్న పేర్లు వేరు, నిజంగా వాడుతున్నవి వేరు, ఒక్కొక్క కౌంటర్‌కీ ఫోన్ చేసి స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో చదివించుకున్నా.

డయల్ లైన్లు మాత్రం నాలుగు ఉంచా. గెస్ట్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ (టీసీపీ) పడిపోయినా జెడ్/వీఎమ్‌ది నడుస్తుంటే వాటితో లోపలికి వెళ్ళి చూసుకోవచ్చు. వాటిల్లో ఒకటి పోయిన వారమే పనికొచ్చింది.