గాలి పట్టిన జీపు

నిన్న పొద్దున నూజివీడు దగ్గర మా మామిడి తోటలో డీజిల్ జీపు ఆగిపోయింది. వెనకాల 40 ట్రేల బంగినపల్లి కాయ. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజనే అందుకోవడం లేదు. ఎండ ముదిరేలోపు కాయ మార్కెట్‌కి చేరాలి. ఒకటే టెన్షన్.

"ఇక సెల్ఫ్ కొట్టకురా, బ్యాటరీ దిగిపోద్ది. డీజిల్ పైపులో గాలి పట్టింది, ఇంజన్‌కి డీజిల్ అందట్లేదు" అన్నాడు బాబాయి. డీజిల్ ఫిల్టర్ మీది గాలి తీసే స్క్రూ కాస్త వదులు చేసి, నన్ను ఇంజన్‌కి డీజిల్ ఎక్కించే చిన్న చేతి పంపు నొక్కమన్నాడు. మొదట బుసబుసమంటూ తెల్లటి నురగ. 20 సార్లు నొక్కాక బుడగ లేని డీజిల్ సన్నటి ధారగా వచ్చింది. ధార ఆగకముందే, పంపు నొక్కుతూనే స్క్రూ బిగించాలి, లేదంటే మళ్లీ గాలి పడుతుంది. పాత డీజిల్ బండి ఉన్న ప్రతి రైతూ ఈ పని నేర్చుకోవాలి.

గాలి ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెతికితే, ట్యాంకు దగ్గర రబ్బరు పైపు కొసకి వెంట్రుకంత పగులు. బయటికి చుక్క కారలేదు. పంపు డీజిల్ లాగేటప్పుడు ఆ సందులోంచి గాలిని పీలుస్తోంది. పగిలిన కొస కోసేసి, పైపు తిరిగి ఎక్కించి క్లిప్పు బిగించాం. ఇంకోసారి గాలి తీశాక, రెండో సెల్ఫ్‌కే అందుకుంది.

బాబాయి ట్రేల మీద తడి గోనెలు కప్పి, "పోనీరా" అన్నాడు.