పగలు నిలబడి రాత్రి పడిపోయిన బ్రేకర్: మా బేస్‌మెంట్ వైరింగ్ తనిఖీ, నా అనుభవం

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మా ఇంటి బేస్‌మెంట్‌కు నేనే స్వయంగా వేసిన వైరింగ్ రెండో ప్రయత్నంలో గత గురువారం తుది తనిఖీ దాటింది. మొదటి ప్రయత్నంలో ఎందుకు దాటలేదో, ఆ మధ్య ఎవరెవరు నాకు ఎటువంటి సలహాలు ఇచ్చారో, అన్నీ కళ్ళముందు ఉండగానే రాయాలని కూర్చున్నాను.

మా ఇల్లు 1996లో కట్టినది. మే నెలలో తెనాలి నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. వారికోసం కింద ఒక పడకగది, స్నానాలగది, పిల్లలు ఆడుకునే పెద్ద గది, వాటి మధ్య చిన్న నడవా ఏర్పాటు చేయాలనుకున్నాము. స్నానాలగది గొట్టాల పని లైసెన్సు ఉన్న ప్లంబర్‌కు అప్పగించి, కరెంటు పని నేను తీసుకున్నాను. మా రాష్ట్రంలో సొంత ఇంట్లో నివసించే యజమాని, పర్మిట్ తీసుకొని తనిఖీకి ఒప్పుకుంటే, ఆ ఇంటి వైరింగ్ తానే చేసుకోవచ్చు. అద్దెకు ఇచ్చిన ఇంటికి ఆ వీలు లేదు. పర్మిట్ ఒక్క సాయంత్రంలో వచ్చింది.

నేను పని చేసేనాటికి ఇక్కడ అమలులో ఉన్నది నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ (కరెంటు పనుల నిబంధనల పుస్తకం) 2023 ప్రతి. దాని ప్రకారం నేను తేల్చుకోవలసిన ముఖ్య విషయం, ఏ సర్క్యూట్‌కు ఏ రక్షణ అన్నది. బేస్‌మెంట్‌లోని ప్లగ్ పాయింట్లన్నిటికీ, గోడలు పూర్తిచేసిన గదైనా కాకపోయినా, జీఎఫ్‌సీఐ (దారి తప్పిన కరెంటును పసిగట్టే రక్షణ) ఉండాలి. పడకగది, ఆటగది, నడవాలకు దానితో నిమిత్తం లేకుండా ఏఎఫ్‌సీఐ (తీగల్లో పుట్టే నిప్పురవ్వలను పసిగట్టే రక్షణ) ఉండాలి. స్నానాలగదికి జీఎఫ్‌సీఐ చాలు, కానీ దానికి వేరే 20 ఆంపియర్ల సర్క్యూట్ కావాలి. అందుకని గదుల సర్క్యూట్లకు రెండు రక్షణలూ ఒకదానిలోనే ఉన్న డ్యూయల్ ఫంక్షన్ బ్రేకర్లు (తేడా వస్తే తామే పడిపోయి కరెంటు తెంచే స్విచ్‌లు) కొన్నాను. ఒక్కొక్కటి దాదాపు 60 డాలర్లు అయింది. మామూలు బ్రేకర్ ధరతో పోల్చి మొదట నాకూ బాధ కలిగిన మాట నిజమే.

ఈ రెండింటికీ తేడా తెలియకుండా పనికి దిగవద్దని నా మనవి. జీఎఫ్‌సీఐ చేసేది లెక్క సరిచూడటం. కరెంటు తెచ్చే నల్ల తీగలో ఎంత వెళ్ళిందో, దాన్ని వెనక్కి తెచ్చే తెల్ల తీగలో అంతా తిరిగి వచ్చిందా అని అది అనుక్షణం పోల్చుకుంటుంది. 4 నుంచి 6 మిల్లీఆంపియర్ల తేడా కనిపించినా, ఆ కరెంటు ఏ మనిషి ఒంటిలోనుంచో నేలకు పోతున్నట్టే భావించి కనురెప్పపాటులో తెంచేస్తుంది. మన దేశంలో ఇళ్ళకు పెట్టే ఆర్‌సీసీబీ (లీకేజీని చూసే బ్రేకర్) కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది కాని, అది సాధారణంగా 30 మిల్లీఆంపియర్లది. ఏఎఫ్‌సీఐ చూసేది వేరు. మేకు దిగి నలిగిన తీగలోనో, వదులుగా ఉన్న స్క్రూ దగ్గరో నిప్పురవ్వలు పుట్టినప్పుడు కరెంటు తరంగంలో ఒక రకమైన చిందరవందర కనిపిస్తుంది. అక్కడ పారే కరెంటు 15 ఆంపియర్లు దాటకపోవచ్చు కనుక మామూలు బ్రేకర్‌కు అది తెలియదు, లోపల చెక్క మాత్రం మాడుతూ ఉంటుంది. ఏఎఫ్‌సీఐ ఆ చిందరవందరనే పసిగడుతుంది. పడకగదుల ప్లగ్ పాయింట్లకు దీనిని తప్పనిసరి చేసే నిబంధన 1999 కోడ్‌లో వచ్చి 2002 జనవరి 1 నుంచి అమలైంది. అంతకు ముందే కట్టిన మా ఇంటి పై అంతస్తులో అటువంటి బ్రేకర్ ఒక్కటి కూడా లేదు.

తెలుగువారికి ప్రత్యేకంగా మరొక మాట చెప్పాలి. మన ఊళ్ళో నల్ల తీగ అంటే న్యూట్రల్. ఇక్కడ నల్ల తీగే ఫేజ్, తెల్లది న్యూట్రల్, ఒట్టి రాగి తీగ ఎర్త్. చిన్నప్పటి అలవాటు చేతికి ఉంటుంది. నేను ప్యానెల్ (బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) తలుపు మీద ఈ మూడు మాటలూ కాగితం మీద రాసి అంటించుకున్నాను.

గోడలు మూయకముందు జరిగే తనిఖీ సులువుగానే గడిచింది. తీగలు స్విచ్, ప్లగ్ పెట్టెల దగ్గర 8 అంగుళాలలోపు, ఆ తరవాత నాలుగున్నర అడుగులకు మించకుండా స్టేపుల్ చేశాను. ప్రతి పెట్టెలో 6 అంగుళాల పైన తీగ వదిలాను. గోడ వెంట ఏ చోటునుంచి చూసినా ఆరడుగులలోపు ఒక ప్లగ్ పాయింట్ ఉండేట్టు పెట్టాను. ఒకచోట మాత్రం తీగ కోసం చేసిన రంధ్రం స్టడ్ (గోడ లోపలి నిలువు చెక్క) అంచుకు అంగుళం పావుకన్నా దగ్గరగా ఉందని ఉక్కు పలక కొట్టమన్నారు, అక్కడికక్కడే కొట్టాను. యజమానులు చేసుకున్న పనులలో ఇంత శుభ్రమైనది తాను తరచుగా చూడనని ఇన్‌స్పెక్టర్ అన్నారు. ఆ మాట నేను మరచిపోను.

డ్రైవాల్ (గోడ పలకలు) వేసి, రంగులు పూర్తయి, డిసెంబరు మొదటి వారంలో బ్రేకర్లు పెట్టాను. నాలుగింటిలో మూడు సర్క్యూట్లు ఏ పేచీ లేకుండా నిలిచాయి. పడకగదికి, నడవా దీపాలకు కలిపి వేసిన నాలుగోది మాత్రం రాత్రి అయ్యేసరికి పడిపోయేది. సాయంత్రం భోజనాలయ్యాక కిందికి దిగితే నడవా దీపాలు వెలిగేవి కావు. ప్యానెల్ దగ్గరకు పోయి బ్రేకర్ ఎత్తితే మరుక్షణం మళ్ళీ పడేది. విసిగి పైకి వచ్చి, పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళేముందు మరోసారి ఎత్తితే బుద్ధిగా నిలబడేది. శని, ఆదివారాలు పగలంతా హీటర్, వాక్యూమ్ క్లీనర్, దీపాలు, అన్నీ ఒకేసారి నడిపినా చలించేది కాదు. రాత్రిళ్ళు బయట సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉండటంతో, చలికి గోడలో తేమ పడుతోందేమో అనుకున్నాను. దీపాలు మంచివి కావేమో అని అన్నీ మార్చాను. బ్రేకరే లోపంగలదేమో అని దుకాణంలో తిరిగి ఇచ్చి కొత్తది తెచ్చాను, అదీ పడింది. ఇంకొకటి తెచ్చాను. ఆ 16 రోజులూ నా మనసు ఇంకే పని మీదా నిలవలేదు.

అప్పుడు సలహాలు మొదలయ్యాయి. ఇటీవలే బేస్‌మెంట్ చేయించుకున్న ఒక మిత్రుడు, "అన్నా, ఆ బ్రేకర్లంతే. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఉంచి, ఆ తరవాత మామూలువి వేసెయ్యి, అందరం అదే చేశాం" అన్నాడు. లైసెన్సు ఉన్న ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన పొద్దున పది గంటలకు వచ్చి, టెస్టర్ గుచ్చి చూసి, హీటర్ పెట్టి చూసి, ఇరవై నిమిషాల తరవాత, ఇది ఊరికే పడే రకమనీ, తనిఖీ అయ్యాక మామూలు బ్రేకర్ వేసుకోమనీ చెప్పి 180 డాలర్లు తీసుకొని వెళ్ళారు. ఒక్క పెట్టె మూత కూడా విప్పలేదు. చదువుకొని, పరీక్ష రాసి, లైసెన్సు పొందిన మనిషి నోట ఆ మాట విన్నందుకు నాకు ఈనాటికీ కోపం పోలేదు. మా అమ్మానాన్నలు పడుకోబోయే గది అది. నిద్రపోతున్న మనిషిని కాపాడటానికి పెట్టిన పరికరాన్ని, తనిఖీ చేసే మనిషి ముందు పెట్టి ఆయన వెనుదిరగగానే పీకేయడం ఎవరిని మోసం చేయడం? ఇన్‌స్పెక్టర్ ఆ గదిలో పడుకోడు కదా. ఫోనులో నాన్నగారికి చెబితే ఆయన ఒక్కటే అన్నారు: "అది ఊరికే పడదురా. ఎక్కడో కరెంటు దారి తప్పుతోంది, చూడు." నేను ఆ మాటను సరిగా పట్టించుకోలేదు.

తుది తనిఖీ జనవరి చివరి వారంలో, సాయంత్రం నాలుగున్నరకు పడింది. అప్పటికే వెలుగు మందగించింది. మధ్యాహ్నం నుంచి బ్రేకర్ నిలబడే ఉంది కనుక ధైర్యంగానే ఉన్నాను. కింద నడవా దీపాలు, గది దీపం వేసి ఉంచాము. ఇన్‌స్పెక్టర్ వచ్చి, పై మెట్టు దగ్గర మెట్ల దీపం స్విచ్ నొక్కారు. మెట్ల మీద దీపం వెలిగింది. అదే క్షణంలో కింద నడవా, గది చీకటైపోయాయి.

"లైటు వేస్తే లైట్లు పోయాయేమిటండీ?" అని నా వెనుకనుంచి మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇన్‌స్పెక్టర్ స్విచ్ ఆపి, నన్ను కిందికి పంపి బ్రేకర్ ఎత్తించారు. నిలిచింది. మళ్ళీ మెట్ల స్విచ్ నొక్కారు. పడింది. మూడుసార్లు అలాగే చేయించారు. నేను ప్యానెల్ దగ్గర, ఆయన మెట్ల మీద, మా ఆవిడ, పిల్లలు మధ్యలో. ఆ తరవాత ఆయన కిందికి వచ్చి, "మెట్ల దీపానికి న్యూట్రల్ ఎక్కడినుంచి తెచ్చారు?" అని అడిగారు. వెంటనే గుర్తు రాలేదు. నేను తడబడుతుంటే, "ఈ వైరింగ్ నిజంగా మీరే వేశారా?" అన్నారు. ముందు తనిఖీలో నన్ను మెచ్చుకున్న మనిషే, నా పిల్లల ముందు, నా ఇంట్లో, ఆ ప్రశ్న అడిగితే తల ఎత్తలేకపోయాను. ఆయన కంఠంలో హేళన లేదు, తెలుసుకోవాలని అడిగిన ప్రశ్నే అది. తీగ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని మనిషిని ఎవరైనా అడగవలసిన ప్రశ్నే. సరిచేయమని కాగితం రాసి, వెళుతూ, "బ్రేకర్ మార్చవద్దు, కారణం కనుక్కోండి" అన్నారు.

ఆ రాత్రి ప్యానెల్ మూత తీసి, ఆ సర్క్యూట్ బ్రేకర్ ఆపేసి, దాని తెల్ల తీగకు క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) తగిలించాను. ఆపిన సర్క్యూట్‌లో కరెంటు ఉండకూడదు. మెట్ల దీపం వేయమని మా ఆవిడకు చెప్పాను. మీటర్ 0.15 ఆంపియర్లు చూపించింది. అంటే 150 మిల్లీఆంపియర్లు, బ్రేకర్ ఓర్చుకోగలిగిన దానికి పాతిక రెట్లు.

అప్పుడు గుర్తుకు వచ్చింది. మెట్ల దీపం పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు స్విచ్‌లతో, పై అంతస్తు పాత సర్క్యూట్ మీద నడుస్తుంది. అక్టోబరులో ఆ దీపాన్ని కింది మెట్టు వైపు జరిపి, ఒక దీపం బదులు రెండు పెట్టాను. ఫేజ్ తీగ కింది స్విచ్ పెట్టెనుంచి తెచ్చాను. ఆ పాత పెట్టెలో న్యూట్రల్ లేదు, అది పై పెట్టెలోనే ఆగిపోయింది. పక్కనే కొత్త నడవా దీపం పెట్టెలో తెల్ల తీగల గుత్తి కనిపించింది. తెల్లవన్నీ చివరకు ప్యానెల్‌లో ఒకే కడ్డీకి చేరేవే కదా అని, అందులో కలిపి వైర్ నట్ (తీగల ముడి మీది మూత) బిగించాను. మెట్ల దీపం వెలిగినప్పుడల్లా పాత సర్క్యూట్‌లో బయలుదేరిన కరెంటు కొత్త సర్క్యూట్ న్యూట్రల్‌లో తిరిగి వస్తోంది. వెళ్ళినదానికన్నా వచ్చినది ఎక్కువ అని కొత్త బ్రేకర్ లెక్క తేల్చి పడిపోతోంది. పడినా అది తెంచేది నల్ల తీగనే, తెల్ల తీగను కాదు. కనుక మెట్ల దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉండేది, నాకు దాని మీద అనుమానమే రాలేదు. పగలు ఆ దీపం ఎవరూ వేయరు. రాత్రి అది వేయకుండా ఎవరూ దిగరు. ఎలక్ట్రీషియన్ వచ్చిన పది గంటలకు కిటికీలోనుంచి ఎండ పడుతోంది.

ఒకే సర్క్యూట్‌కు చెందిన తీగలన్నీ కలిసి ఒకే కేబుల్‌లోనే నడవాలని కోడ్‌లో 300.3(బి) చెబుతుంది. నేను చదివాను, ప్రమాదం అర్థం చేసుకోలేదు. రేపు ఎవరైనా ఆ నడవా బ్రేకర్ ఆపి, కరెంటు లేదన్న నమ్మకంతో ఆ తెల్ల తీగల ముడి విప్పితే, మెట్ల దీపం గుండా వచ్చే 120 వోల్టులు వారి చేతిలో ఉంటాయి. మిత్రుడు, ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు మామూలు బ్రేకర్ వేసి ఉంటే, ఆ ఉచ్చు గోడలో అలాగే ఉండిపోయేది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ బ్రేకర్ మీద, ఎందుకు పడిందో చెప్పే చిన్న దీపం ఉంది. అన్నిసార్లూ అది నిప్పురవ్వ అని కాదు, లీకేజీ (కరెంటు దారి తప్పడం) అనే చూపించింది. డబ్బాలోని కాగితం నేను విప్పి చదవలేదు. ఈ బ్రేకర్లు కొన్నవారు ఆ కాగితం చదివి ప్యానెల్ తలుపుకే అంటించండి. బ్రేకర్ పడినప్పుడు ఆ సర్క్యూట్ మీద ఏమేమి నడుస్తున్నాయో మాత్రమే కాకుండా, ఇల్లు మొత్తంలో ఆ క్షణాన ఏ స్విచ్ నొక్కారో రాసుకోండి. నేను ఒక్క వారం అలా రాసి ఉంటే 180 డాలర్లు, ఆ సాయంత్రం రెండూ తప్పేవి. ఇక బేస్‌మెంట్‌లో సంప్ పంపు (నేల కింద చేరిన నీటిని తోడేది) ఉన్నవారు దానికి వేరే సర్క్యూట్ ఇవ్వండి. దానికీ జీఎఫ్‌సీఐ తప్పదు కనుక, నీరు చేరితే మోగే బ్యాటరీ అలారం ఒకటి పక్కన పెట్టుకోండి.

దిద్దుబాటుకు కొత్తగా రంగు వేసిన కప్పులో నాలుగడుగుల పట్టీ కోయవలసి వచ్చింది. పై స్విచ్ పెట్టెనుంచి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉన్న కేబుల్ లాగి, నడవా పెట్టెలోని ఆ తెల్ల తీగను విడదీశాను. మీటర్ సున్నా చూపించింది. కోసిన చోటు మూయకుండానే ఉంచి, మళ్ళీ రుసుము కట్టి ఇన్‌స్పెక్టర్‌ను పిలిచాను.

గురువారం ఆయన వచ్చి, పై మెట్టు దగ్గర స్విచ్ నొక్కి, కింద దీపాలు వెలుగుతూ ఉండటం చూసి దిగారు. న్యూట్రల్ ఎక్కడినుంచి వచ్చిందని ఈసారి అడగకముందే కప్పులో కోసిన చోటు చూపించి చెప్పాను. ఆయన ఒక్కొక్క బ్రేకర్ టెస్ట్ బటన్ నొక్కి, నాలుగూ పడటం చూసి, నన్నే మళ్ళీ ఎత్తమని, ప్యానెల్ తలుపు మీద కాగితం అంటించి సంతకం చేశారు. ఆదివారం కప్పు పట్టీ మూసి రంగు వేస్తాను.