కాలి పగుళ్లలో కలం

రాత్రి ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ పట్టుకుంటే రెండయినా నిద్ర పట్టలేదు. 1845లో వచ్చిన పుస్తకం. అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టినవాడు. చిన్నప్పుడు చలికి కాళ్లు ఎంత పగిలాయంటే, ఇప్పుడు రాస్తున్న ఈ కలం ఆ పగుళ్లలో పట్టేస్తుందంటాడు. అక్కడే ఆగిపోయాను. పగిలిన కాలూ, రాసే చెయ్యీ ఒకే వాక్యంలో!

అందరూ, బానిసల్ని కొట్టి లొంగదీస్తాడని పేరున్న కోవీతో కలబడిన ఘట్టమే చెబుతారు. 16 ఏళ్ల కుర్రాడు, దాదాపు రెండు గంటలు. ఆ తర్వాత కోవీ అతని మీద చెయ్యి వెయ్యలేదు, నిజమే. నాకు మాత్రం బాల్టిమోర్ వీధులే గుర్తుండిపోయాయి. ఆకలితో ఉన్న తెల్ల పిల్లలకి రొట్టె ఇచ్చి చదువు నేర్చుకున్నాడు. వాళ్ల పేర్లు మాత్రం రాయడు, బానిసకి చదువు చెప్పినందుకు ఇబ్బంది పడతారని.

పొద్దున మావాడు బ్రెడ్ అంచులు తీసి పక్కన పెడుతుంటే చూస్తూ కూర్చున్నా.